గోడమీది కందెన గీతలు

నా రాతబల్ల మీద ప్రతి వస్తువుకూ ఒక స్థానం ఉంది. ఎడమవైపు నిఘంటువు, కుడివైపు కళ్ళజోడు పెట్టె, నడుమ తెల్లకాగితాలు. పులివెందులలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన కాలంలో ఏర్పడిన ఈ అలవాటు, పదవీ విరమణ చేసి ప్రొద్దుటూరులో స్థిరపడిన తరువాత సడలలేదు సరికదా, మరింత బిగిసింది. కిందటి చలికాలంలో ఒక ఆదివారం ఉదయం మాబు వచ్చి, ఆ నిఘంటువును మోచేత్తో పక్కకు నెట్టి, దాని స్థానంలో ఒక పెద్ద అట్టపెట్టె పెట్టాడు. ఇంకెవరైనా ఆ పని చేసి ఉంటే నేను సహించేవాణ్ణి కాదు. మాబు విషయంలో సహించడం నాకు చిన్ననాటి నుంచీ అలవాటు. అందుకు ఒక కారణం ఉంది. దానిని అరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

మాబు, జమ్మలమడుగు నుంచి పెద్దముడియం వెళ్ళే దారిలోని మా ఊరి బడిలో నా పక్కన కూర్చుని చదివినవాడు. వాళ్ళ నాయన ఉసేన్ మేస్త్రి ఎద్దులబండ్లు చేసేవాడు. మాబు ఐదో తరగతితో బడి మాని, ప్రొద్దుటూరులో లారీల షెడ్లలో పని నేర్చి, ఆపైన కువైట్ వెళ్ళి, ఒక గ్యారేజీలో ముప్పై ఏళ్ళు పనిచేసి తిరిగి వచ్చాడు. ఇప్పుడు మా వీధికి రెండు వీధుల అవతల ఉంటున్నాడు. ఆదివారం ఉదయం వచ్చి, కాఫీ తాగి, నా పద్ధతులన్నిటినీ కాసేపు ఎగతాళి చేసి వెళ్ళడం అతని నియమం.

ఆ పెట్టెలోంచి అతడు తీసినది మూరెడు పొడవున్న జీపు. బొమ్మే, కానీ బొమ్మలకుండే నునుపు దానికి లేదు. చక్రాలు దాని ఒంటికి మించి పెద్దవి. దూరం నుంచి చేతిలోని రిమోటుతో నడపాలి. పెట్టెలోంచి తీసి బ్యాటరీ తగిలిస్తే చాలు, నడిచే రకం. అయితే అది పరుగులు తీయదు. రాళ్ళమీద, బండల సందుల్లో, ఉడుములా ఒక్కొక్క చక్రాన్నే పట్టు దొరికించుకుంటూ పాకుతుంది.

"ఏంది మాబూ, ఈ వయసులో పిల్లకాయల సామాను?" అన్నాను.

"పిల్లకాయలది గాదు రెడ్డీ, ముసిలోళ్ళదే. చూడు, ఎంత నిదానంగా పోతాండాదో," అన్నాడు.

కువైట్‌లో శుక్రవారం సెలవు రోజున తోటి మెకానిక్కులతో కలిసి రాళ్ళ దిబ్బల మీద ఇలాంటివి నడిపేవాడట. ఇక్కడికి వచ్చాక దానిని గండికోటకు తీసుకుపోయాడు. పెన్న లోయ అంచున ఉన్న ఎర్రబండల మీద అది పది గజాలు కూడా పోలేదు. ఒక మెట్టు ఎక్కబోయి వెల్లకిలా పడింది. లేపి మళ్ళీ ఎక్కిస్తే ముందు చక్రాలను తిప్పే ప్లాస్టిక్ కడ్డీ విరిగింది. ఇప్పుడు దాని లోపలి భాగాలన్నిటినీ మార్చి, ఆ బండలకు తగినట్టుగా గట్టి చేయాలని అతని సంకల్పం. కావలసిన సామాను తెప్పించుకున్నాడు. కొరవడినది ఒక్కటే. అతని వేళ్ళు ఈమధ్య వణుకుతున్నాయి. మినపగింజంత మరమేకులను పట్టుకోలేకపోతున్నాడు. "నీ చెయ్యి చాకుపీసు పట్టిన చెయ్యి. వణకదు. నేను చెప్తా, నువ్వు చెయ్యి," అన్నాడు. ఇంట్లో వాళ్ళు నవ్వుతున్నారనీ, నేనైతే నవ్వడం మరచిపోయి ఏళ్ళయింది కనుక ఆ భయం లేదనీ కూడా అన్నాడు.

బల్లమీద పాత వార్తాపత్రిక పరిచి పని మొదలుపెట్టాను. మరలను పరిమాణం ప్రకారం నాలుగు స్టీలు గిన్నెలలో వేశాను. మాబు కుర్చీలో వెనక్కు వాలి, ఏది విప్పాలో, ఎటు తిప్పాలో చెబుతూ వచ్చాడు. పై తొడుగు తీశాం. బ్యాటరీ తీశాం. రెండు ఇరుసులూ బయటపడ్డాయి. మొదట ఇరుసులోపలి ప్లాస్టిక్ పళ్ళచక్రాలు తీసి ఉక్కువి వేద్దామా అని అడిగాను. అతడు తల అడ్డంగా ఊపాడు. "ఒక్కటే మారిస్తే లాభం ల్యా. దాన్ని గట్టి జేస్తే బరువు పోయి పక్కదాని మీద కూసుంటాది. అది ఇరుగుతాది. చేస్తే అన్నీ చేయల్ల," అన్నాడు. ఆ మాటను అంతకుముందు ఒక్కసారే విన్నాను, వాళ్ళ నాయన నోట, మా ఇంటి కొట్టం ముందర.

మా అబ్బకు, అంటే మా నాయన తండ్రికి, చదువు రాదు. అక్షరం రానివారికి గీతమీద ఉండే నమ్మకం మనవంటి వారికి అర్థం కాదు. ఆయన ఉదయం లేవగానే ముఖం కడుక్కుని, తలగుడ్డను ఎప్పుడూ ఒకే తీరున మూడు చుట్లు చుట్టి, కొట్టంలోకి వెళ్ళేవాడు. సున్నం కొట్టిన ఆ కొట్టం గోడే ఆయనకు పుస్తకం. బొగ్గుముక్కతో గీసిన నిలువు గీతలు అందులోని రాతలు. ఎద్దులకు ఉలవలు పెట్టినదానికి ఒక వరుస, కూలివాళ్ళు వచ్చినదానికి ఒక వరుస, బండికి కందెన పెట్టినదానికి ఒక వరుస. అమావాస్యనాడు మా వైపు ఎద్దులను కాడికి కట్టరు. ఆ రోజు బండిచక్రాలు ఊడదీసి, ఇరుసు తుడిచి, లోపల ఏమి జరుగుతున్నదో చూసి మళ్ళీ బిగించేవారు. గోడకు కొత్తగా సున్నం పూసి, మరునాటి నుంచి కొత్త గీతలు మొదలుపెట్టేవారు. నెలకొకసారి గోడ తెల్లబడడం నాకు ఇష్టంగా ఉండేది. తరువాతి రోజుల్లో బడిలో కొత్త హాజరుపట్టీ తెరిచిన ప్రతిసారీ ఆ గోడే గుర్తుకు వచ్చేది.

కందెన చేసేది మా జేజి, అంటే మా నాయనమ్మ. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యిమీద ఆముదాలు వేయించి, రోట్లో దంచి, నీళ్ళలో వేసి కాచేది. పైకి తేలిన నూనెను గరిటెతో తీసి కుండలో పోసేది. ఆ వాసన రెండు రోజులపాటు ఇంట్లోని ప్రతి గుడ్డకూ పట్టి ఉండేది. గడ్డి కాల్చిన మసిని పలుచని బట్టలో జల్లించి, ఆ ఆముదంలో కలిపి నూరితే నల్లని చిక్కని ముద్ద తయారయ్యేది. దానిని వెదురు గొట్టంలో నింపి బండి కింద వేలాడదీసేవారు. నాకు తొమ్మిదో ఏడు రాగానే ఆ గొట్టం నా బాధ్యత అయింది. రోజూ బడికి పోయే ముందు పుల్లతో కందెన తీసి రెండు చక్రాల ఇరుసులకూ పెట్టి, గోడమీద ఒక గీత గీయాలి. అబ్బ ఆ పనిని నాకు అప్పగించినప్పుడు ఒక పదవిని ఇచ్చినంత గౌరవంగా ఇచ్చాడు. నేనూ అంతే గౌరవంగా తీసుకున్నాను. ఇరుసుకు కందెన ఎందుకని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మా ఇంట్లో పనులకు కారణాలు చెప్పే ఆచారం లేదు.

ఆ ఏడాది వానలు సరిగా లేవు. ఎద్దులు ఊరికే నిలబడి ఉన్నాయి. జమ్మలమడుగు వైపు గనుల నుంచి నాపరాళ్ళను రైలు స్టేషనుకు తోలే పని ఉన్నదని తెలిసి అబ్బ ఒప్పుకున్నాడు. కానీ మాది పొలం బండి. గడ్డికీ జొన్నకీ చేసినది. దాని కట్టె ఇరుసు రాళ్ళబరువుకు ఆగదు. ఉసేన్ మేస్త్రిని పిలిపించారు. ఆయన వచ్చి, బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, కింద పడుకుని చూసి, లేచి పంచె దులుపుకున్నాడు. ఇరుసు ఒక్కటి ఇనుపది వేయమని అబ్బ అన్నాడు. అప్పుడు మేస్త్రి అన్న మాటనే ఇప్పుడు కొడుకు నా బల్ల దగ్గర కూర్చుని అన్నాడు. ఇరుసు ఒక్కటి గట్టి చేస్తే బరువు చక్రం నడిమి కుండమీద పడుతుంది, కుండ గట్టి చేస్తే దానినుంచి అంచుకు పోయే ఆకులమీద పడుతుంది, చేస్తే అన్నీ చేయాలి అని. అబ్బ ఒప్పుకున్నాడు. పది రోజులు మా కొట్టం ముందరే కొలిమి పెట్టారు. కుండలలోపల ఇనుప గొట్టాలు దిగగొట్టారు. వదులైన ఆకులు తీసి కొత్తవి చేర్చారు. ఎర్రగా కాల్చిన ఇనుప పట్టాను చక్రానికి తొడిగి నీళ్ళు పోసినప్పుడు, కాలిన కట్టె వాసనా ఆవిరీ కలిసి వాకిలంతా కమ్ముకునేవి. మాబు తిత్తి ఊదేవాడు. నేను బడి నుంచి వచ్చి, పలక ఒళ్ళో పెట్టుకుని, వాడికి ఆనాటి లెక్కలు చదివి వినిపించేవాణ్ణి. వాడు తిత్తి ఆపకుండానే జవాబులు చెప్పేవాడు. నాకన్నా ముందు చెప్పేవాడు. ఈ సంగతి రాయడం న్యాయం కనుక రాస్తున్నాను.

బండి సిద్ధమయింది. మేస్త్రి తన చేత్తో మొదటి కందెన పెట్టి వెళ్ళాడు. మరునాడు ఉదయం నేను యథాప్రకారం గొట్టం చేతిలోకి తీసుకుని ఆగిపోయాను. అంతకుముందు వారమే మా ఊరి మీదుగా జమ్మలమడుగుకు పోయే బస్సు కిందికి వంగి చూశాను. దానిది ఇనుప ఇరుసు. దానికి ఎక్కడా వెదురు గొట్టం వేలాడడం లేదు. కట్టెకు కట్టె రాసుకుంటే కందెన కావాలి, ఇనుముకు అక్కరలేదు, లేకుంటే బస్సుకు ఎందుకు ఉండదు? తరగతిలో మొదటివాణ్ణని పేరున్న నాకు ఈ తర్కంలో లోపం కనిపించలేదు. ఎవరినైనా అడిగి ఉండవచ్చు. అడగడం నాకు చిన్నతనంగా తోచింది. కానీ గీత లేకపోతే అబ్బ కోప్పడతాడు. అందువల్ల కందెన పెట్టకుండానే గీత గీశాను. అవసరం లేని పనికి అవసరమైన గీత అనుకున్నానే తప్ప, అది అబద్ధమని ఆ ఉదయం నాకు అనిపించలేదు. రెండో రోజు అనిపించింది. అయినా గీశాను. అలా పదకొండు గీతలు గీశాను.

పన్నెండో రోజు మధ్యాహ్నం, రాళ్ళబరువుతో వంక దిగుతుండగా కుడిచక్రం బిగుసుకుపోయింది. బండి అడ్డం తిరిగింది. బండలు ముందుకు జారి కాడిమీద పడ్డాయి. బండి తోలుతున్న మా సేద్యగాడు దూకి బయటపడ్డాడు. కుడివైపు ఎద్దుకు ముందుకాలు విరిగింది. మేము దానిని ఎర్రోడు అని పిలిచేవాళ్ళం. దానిని ఇంకో బండిలో ఎక్కించి ఇంటికి తెచ్చారు. అది కొట్టంలో పక్కకు పడుకుని, ఒక్క శబ్దం చేయకుండా, మమ్మల్నందరినీ వరుసగా చూసింది.

సాయంత్రానికి బండినీ లాక్కొచ్చారు. మేస్త్రి వచ్చాడు, వెంట మాబు. అబ్బ అరుగుమీద కూర్చున్నాడు. ఊరివాళ్ళు పదిమందికి పైగా చేరారు. మేస్త్రి ముందుగా ఎద్దు దగ్గరికి వెళ్ళి దాని మెడ నిమిరి, తరువాత బండి దగ్గర కూర్చున్నాడు. బండి కింద వేలాడుతున్న వెదురు గొట్టాన్ని చేతిలోకి తీసుకుని ఊపి చూశాడు. అది అంచుదాకా నిండుగా ఉంది. అప్పుడు ఆయన తల తిప్పి, స్తంభం పక్కన నిలబడి ఉన్న నన్ను ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అందుకే దానిని ఇన్నేళ్ళు మరవలేకపోయాను.

"పెద్దరెడ్డీ, ఇరుసు ఎండి ఉండాది," అన్నాడు.

అబ్బ లేచి కొట్టం గోడ వైపు చేయి చూపాడు. "అది చూడు. నా మనవడు దినామూ గీత గీసినాడు. గొట్టం గూడా నింపి పెట్టినాడు. కందెన పెట్టల్యా అంటావా? నువ్వు బిగువుగా పెట్టినావు ఇరుసు, అది చెప్పు."

మేస్త్రి మళ్ళీ నా వైపు చూడలేదు. గొట్టాన్ని యథాస్థానంలో తగిలించి, చేతులు తుడుచుకుని, "నీ ఇష్టం రెడ్డీ," అన్నాడు. ఆ మాటను అక్కడున్న వాళ్ళందరూ ఒప్పుకోలుగా తీసుకున్నారు. నేను నోరు తెరవడానికి ఎంత దూరం ఉంది? స్తంభం నుంచి అరుగుకు నాలుగు అడుగులు. వేయలేదు.

ఇంకా నాలుగు రోజులకు అమావాస్య. అది ముందుగా వచ్చి ఉంటే చక్రాలు ఊడదీసేవారు. ఎండిన ఇరుసు అందరికీ కనబడేది. రెండు దెబ్బలు తినేవాణ్ణి, అంతటితో పోయేది. ఇప్పుడు అమావాస్య వచ్చినా, చక్రం విప్పి చూడాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు. కారణం తెలిసిపోయింది కదా. బండిని ఉన్నదున్నట్టే ఇంకో ఊరి మేస్త్రికి లాగించి పంపారు. ఇరుసులో ఏమి కనిపించిందో ఆయనను ఎవరూ అడగలేదు. గోడకు మాత్రం అబ్బ ఎప్పటిలాగే సున్నం పూశాడు. నా పదకొండు గీతలూ దాని కింద మాయమయ్యాయి. ఎర్రోడు ఆ కొట్టంలోనే కొన్ని నెలలు ఉండి చనిపోయింది. అది బతికినన్ని రోజులూ గడ్డి మోసుకుపోయి దాని ముందు వేసింది నేనే. ఎవరూ చెప్పకుండానే చేస్తున్నానని ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు.

మా అబ్బ వద్దన్న చేతికి చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరూ పని చెప్పలేదు. ఏడాది తిరగకుండానే ఉసేన్ మేస్త్రి కొలిమి ఎత్తేసి ప్రొద్దుటూరు చేరి, లారీలకు కట్టెపని చేసే షెడ్డులో రోజుకూలికి కుదిరాడు. మాబు బడి మానాడు. నేను చదువుకున్నాను. ఉపాధ్యాయుణ్ణయ్యాను. హాజరుపట్టీలో తప్పుడు గుర్తు పెట్టిన ఉపాధ్యాయుణ్ణి గానీ, చేయని ప్రయోగానికి ఫలితం రాసిన విద్యార్థిని గానీ నేను క్షమించిన సందర్భం లేదు. కఠినుడనే పేరు వచ్చింది. ఆ కాఠిన్యం ఎవరిమీదనో నాకు ఒక్కడికే తెలుసు.

ఆదివారంనాటి బల్ల దగ్గరికి తిరిగి వస్తాను. ఇరుసు పెట్టె మూతకున్న నాలుగు మరలూ విప్పాను. మూత తీసి మాబు వైపు తిప్పాను. లోపలి పళ్ళచక్రాలు తెల్లగా, పొడిగా ఉన్నాయి. ఒక్క పంటిమీద మాత్రం ఆవగింజంత గ్రీజు మెరుస్తున్నది. ఇలాంటి బండ్లలో ఇది మామూలేనట. మాబు వంగి చూసి నవ్వాడు.

"చూడు రెడ్డీ, దీన్ని చేసినోడు కందెన పెట్టినట్ల పెట్టినాడు. మూత మూసినాంక ఎవురు చూస్తారులే అనుకున్నాడు."

నా భార్య కాఫీ తెచ్చి పెట్టి వెళ్ళింది. నేను మరతిప్పేదానిని గిన్నె పక్కన సమంగా పెట్టాను. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పనని తెలిసింది. "మాబూ, మా బండికి నేను కందెన పెట్టల్యా. గీతలు మాత్రం గీసినా. మీ నాయన చెప్పింది నిజం," అన్నాను. అంతకన్నా చిన్నగా చెప్పే మార్గం నాకు దొరకలేదు.

అతడు ఏ బండి అని అడగలేదు. "ఎన్ని దినాలు?" అన్నాడు. పదకొండు అన్నాను. అతడు లేచి, కుర్చీని బల్లకిందికి సరిగా జరిపి వెళ్ళిపోయాడు. కుర్చీని అలా సరిగా జరపడం అతని స్వభావం కాదు. కాఫీ చల్లారిపోయింది.

మూడు ఆదివారాలు రాలేదు. విప్పిన బండి నా బల్లమీద అలాగే ఉంది. దానిని తీసి పెట్టెలో సర్దుదామని నా భార్య రెండుసార్లు అడిగింది. వద్దన్నాను. నిఘంటువు అవసరమైతే మంచంమీద పెట్టుకుని చూశాను. అతని ఇంటికి వెళ్ళవచ్చు. రెండు వీధులే. కానీ చెప్పవలసింది నేను చెప్పేశాను. ఇక వచ్చేదీ రానిదీ అతని ఇష్టం. ఆ ఇష్టాన్ని కూడా నేనే నిర్ణయించడం తగదనిపించింది.

నాలుగో ఆదివారం వచ్చాడు. ఎప్పటిలా నిఘంటువు కోసం వెతికి, అది అక్కడ లేకపోవడం చూసి, కూర్చున్నాడు. చొక్కా జేబులోంచి చిన్న పొట్లం తీసి విప్పాడు. ముందు ఇరుసుకు రెండు చివరలా బిగించే ఇత్తడి తూకపు ముక్కలు. బరువు కిందుగా, ముందుగా ఉంటే బండి వెల్లకిలా పడదట. రెండూ సమంగా ఉన్నాయో లేదో అని మా ప్రొద్దుటూరు బంగారు బజారులో ఒక కంసాలి తక్కెడలో తూయించి తెచ్చాడు. తేడా ఉన్న దానిని అక్కడే ఆకురాయితో అరగదీయించాడు. ఇదంతా నింపాదిగా చెప్పి, ఆ తరువాత తన నాయన సంగతి చెప్పాడు.

ప్రొద్దుటూరుకు వచ్చాక ఉసేన్ మేస్త్రి అప్పుడప్పుడు ఒక బండి బాగుచేసేవాడట. ఎవరి బండి అయినా సరే, బయటికి పంపే ముందు కందెన తానే పెట్టి, చక్రాన్ని తిప్పి, చెవి ఆనించి వినేవాడట. అంతటితో ఆగేవాడు కాదు. యజమాని ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే పిలిపించి, కింద కూర్చోబెట్టి, ఇనుముకు కందెన ఎందుకో చెప్పేవాడట. పని చెడగొట్టుకుని పిల్లలతో ఈ మాటలెందుకని మాబు విసుక్కునేవాడట. "యాల చెప్తాండాడో నాకు అర్థమే కాల్యా. నీ పని కనిపెట్టినాడని మాకు ఒక్కనాడు గూడా చెప్పల్యా ఆయప్ప. చెప్పింటే నేను నిన్ను కొట్టింటా," అన్నాడు మాబు. "ఇప్పుడు కొట్టేదానికి చెయ్యి వణుకుతాండాది." నవ్వలేదు. నేనూ నవ్వలేదు. "నాకు చెప్పింది సరే. మా నాయన పేరు యాడ చెడిందో ఆడ చెప్పు," అన్నాడు.

ఒప్పుకున్నాను. పని మళ్ళీ మొదలయింది. నాలుగు ఆదివారాలు పట్టింది. ఉక్కు పళ్ళచక్రాలు, ఉక్కు కడ్డీలు వేశాం. మోటారు చివరి పళ్ళచక్రాన్ని తీసి తక్కువ పళ్ళున్న దానిని పెట్టాం. వేగం తగ్గింది, లాగే శక్తి పెరిగింది. చక్రాలను పక్కకు తిప్పే చిన్న మోటారును బలమైన దానితో మార్చగానే, దాని ప్లాస్టిక్ చేయి మొదటి పరీక్షలోనే విరిగింది. "చెప్పల్యా నేను?" అన్నాడు మాబు. దానికీ లోహపు చేయి తెప్పించాం. మెత్తని రబ్బరు టైర్లు తొడిగాం. రాళ్ళకు రాసుకునే కడుపు భాగానికి లేతుపని వాడితో అల్యూమినియం పలక కోయించాం. రేడియో పెట్టెకు నీరు దూరకుండా సిలికాన్ పూశాం. చివరికి మిగిలింది రెండు ఇరుసులకూ గేరు పెట్టెకూ గ్రీజు. మాబు గ్రీజు గొట్టాన్ని నా చేతిలో పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ప్రతి పంటికీ పెట్టాను. చక్రాలను తిప్పి, మళ్ళీ పెట్టాను. మూతలు బిగించి, అయిందన్నాను. అతడు బండిని ముందుకు లాక్కుని, వణికే వేళ్ళతో, చాలాసేపు కష్టపడి, నేను బిగించిన మరలను ఒక్కొక్కటే విప్పాడు. మూత ఎత్తి లోపల చూశాడు. మూడూ చూశాడు. తరువాత బండిని నా వైపు జరిపాడు. నేను మళ్ళీ బిగించాను. నేను నొచ్చుకోలేదు.

ఆ పై శనివారం ఆటో మాట్లాడుకుని ముందు మా ఊరికి వెళ్ళాం. కొట్టం ఉన్నచోట ఇప్పుడు సిమెంటు, ఇనుప కమ్మీలు అమ్మే అంగడి ఉంది. అంగడి ముందు బెంచీమీద మా వయసు మనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి లేచాడు. మాబును గుర్తుపట్టలేదు. ఉసేన్ మేస్త్రి జ్ఞాపకమున్నాడా అని అడిగాను. "యాల ల్యాడు సారూ. మీ అబ్బగారి బండి చెడగొట్టి ఎద్దు కాలు ఇరగ్గొట్టిన సాయిబు గదా," అన్నాడు. ఆయన చేసిన వందలాది చక్రాలలో ఒక్కటీ ఆ మనిషి జ్ఞాపకంలో లేదు. మిగిలినది ఆ ఒక్క మాటే, దానిని ఆ ఊళ్ళో పెట్టింది నేనే.

అది ఉసేన్ మేస్త్రి చేసింది కాదనీ, నేను చేసిందనీ, ఎలా చేశానో మొత్తం చెప్పాను. అంగడిలోని వాళ్ళు కూడా బయటికి వచ్చి విన్నారు. ఆయన నమ్మలేనట్టు నవ్వాడు. "ఇప్పుడు చెప్తే ఏం లాభం సారూ? ఆ ఎద్దు ల్యా, బండి ల్యా, ఆ సాయిబూ ల్యాడు."

"నేను ఉండా గదప్పా. ఆయప్ప కొడుకును," అన్నాడు మాబు.

ఆ మనిషి బెంచీమీద జరిగి అతనికి చోటిచ్చాడు. మాబు కూర్చున్నాడు. టీ తెప్పించారు. ఇద్దరూ బడినాటి సంగతులు మాట్లాడుకుంటుంటే నేను ఎండలో నిలబడి విన్నాను. నన్నెవరూ కూర్చోమనలేదు. అది సబబే.

అటునుంచి గండికోటకు వెళ్ళాం. ఆ ఎర్రబండల మెట్టు దగ్గర మాబు బండిని దించాడు. ముందు చక్రాలు మెట్టును తాకి ఆగాయి. ఇత్తడి బరువుకు ముందుభాగం లేవలేదు. టైరు రబ్బరు బండ అంచును పట్టుకుని నొక్కుకుంది. ఒక చక్రం ఎక్కింది. కాసేపు అక్కడే నిలిచింది. రెండోది ఎక్కింది. అడుగుభాగం బండకు గీసుకున్న శబ్దం వచ్చింది. మాబు రిమోటుమీది వేలిని ఇంచుమించు కదపకుండా, ఊపిరి బిగబట్టి, నెమ్మదిగా పైకి తెచ్చాడు. మెట్టుమీదికి చేరాక దానిని వెనక్కు తిప్పి మా వైపు ముఖం పెట్టి నిలిపాడు. లోయలో పెన్న సన్నగా పారుతున్నది. అతడు రిమోటును నాకిచ్చాడు. నేను దానిని దించబోయి పడగొట్టాను. అప్పుడు మాత్రం చాలాసేపు నవ్వాడు.

ఊరి అంగడి ముందు విన్నవాళ్ళు పదిమందికి మించరు. ఆనాడు అరుగు ముందు చేరినవాళ్ళు చాలామంది ఇప్పుడు లేరు. వాళ్ళ పిల్లలు వేర్వేరు ఊళ్ళలో ఉండి ఉంటారు. వాళ్ళ ఇళ్ళలో కూడా ఆ మాట ఎక్కడో ఒకచోట మిగిలి ఉండవచ్చు. అందువల్ల దీనిని ఇక్కడ అచ్చులో పెడుతున్నాను. ఉసేన్ మేస్త్రి బిగించిన ఇరుసులో లోపం లేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం బండిని విప్పి, దుమ్ము తుడిచి, గ్రీజు పెట్టడం మా ఇద్దరి నియమం. నా బల్లమీద నిఘంటువుకు ఎదురుగా దానికొక స్థానం ఏర్పడింది. గ్రీజు పెట్టి నేను మూతలు బిగిస్తాను. మాబు వాటిని విప్పి, కళ్ళజోడు సర్దుకుని, లోపల చూస్తాడు. నాలుగైదు వారాలయ్యాక మానేస్తాడని మొదట్లో అనుకున్నాను. మానలేదు. అతడు విప్పుతున్నంతసేపూ నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. ఆ సాయంత్రం మా అబ్బ గోడ వైపు చేయి చూపే ముందు, ఇరుసు చివరి శీల ఊడదీసి, చక్రాన్ని జానెడు పక్కకు లాగి చూసి ఉంటే చాలి ఉండేది. మాబు మూత ఎత్తి, వేలితో ఒక పంటిని తాకి, ఆ వేలిని వెలుతురులో చూసుకుంటాడు. తరువాత మూతను నా వైపు జరుపుతాడు.